అరుగు మీద వెల్లుల్లి సీసా

వెల్లుల్లి వాసన గురించి ఎక్కువగా మాట్లాడేది జన్మలో ఒక్క రెబ్బ కూడా ఒలవని వాళ్ళే. కోడికూరలో కాస్త తగ్గితే ‘ఏంటివాళ చప్పగా ఉంది’ అంటారు. దాన్ని ఒలిచి, నూరి, వేసిన మనిషి పక్కన కూర్చుంటే ముక్కు చిట్లిస్తారు. ఈ విషయంలో నాకు చాలా ఏళ్ళుగా కోపం ఉంది. అయితే నేనిప్పుడు చెప్పబోయేది ఆ కోపం గురించి కాదు. అంతకన్నా పెద్దది ఒకటుంది, అది ఒక సీసా వల్ల వచ్చింది.

తిరువూరులో నేను కాపురానికి వచ్చింది తొంభై ఏడు చివర్లో. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను, అంతే. మా ఆయన బస్సు కండక్టరు. ఇవాళ విజయవాడ డ్యూటీకి వెళ్తే రేపు సాయంత్రానికి గాని ఇల్లు చేరడు. అందుచేత ఇల్లంటే ఎక్కువగా మా అత్తగారూ నేనూ, మా ఇద్దరి మధ్యా ఒక వంటిల్లు.

మా అత్తగారికి ఆ వీధిలో ఒక పేరుంది. ఆవిడ చెయ్యి మంచిదని. ఆవిడ కలిపిన ఆవకాయ రెండేళ్ళయినా బూజు పట్టదనీ, ముక్క మెత్తబడదనీ చెప్పుకునేవారు. రెడ్డిగూడెం తోటల నుంచి కాయ దిగిందంటే చాలు, వీధిలో ఇంటింటికీ ఆవిడను పిలుచుకుపోయేవారు. ముక్కలు వాళ్ళే కొట్టించుకునేవారు, కారం, ఉప్పు, ఆవపిండి వాళ్ళే కొలిచి పెట్టుకునేవారు. చివర్లో ఆవిడ వెళ్ళి, గాజులు లేని ఆ కుడిచేతిని మోచేతిదాకా కడుక్కుని, బేసినులో పెట్టి అడుగు నుంచి పైకి కలిపి వచ్చేది. భర్త పోయిన మనిషి కదా, పేరంటాలకు పిలవడం ఎప్పుడో మానేశారు. పేరంటానికి పిలవని ఇళ్ళ వాళ్ళు కూడా ఆవకాయకు పిలిచేవారు. ఇందులో ఎంత అన్యాయం ఉందో నాకు అప్పట్లో తట్టలేదు. ఆవిడకు మాత్రం ఆ పిలుపు చాలా గొప్పగా ఉండేది.

వెల్లుల్లి కూడా ఆవిడ రాజ్యమే. ఏడాదికి సరిపడా పాయలు ఎండలు ముదిరేలోపే ఇంటికి వచ్చేవి. బస్తా అరుగు మీద బోర్లించి, ఒక్కొక్క పాయనూ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసేది. గట్టిగా ఉండి, పైపొట్టు గలగలమంటే ఒక పక్కకు. ఒక్క రెబ్బ మెత్తగా తగిలినా ఇంకో పక్కకు. గట్టివాటిలో కాడ నిలిచిన వాటిని జడలా అల్లి వంటింటి దూలానికి వేలాడదీసేది. కాడ తెగినవి మేదరి బుట్టలో పోసి, బుట్ట నేలకు తగలకుండా కింద రెండు ఇటుకలు పెట్టేది. మెత్తవి ముందు వాడేసేది. ఇంత చేసినా శ్రావణం ముసురుకు కొన్ని మొలకెత్తేవి. వాటిని చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. పాయను నొక్కి చూడడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఒలిచే పని మాత్రం నాది. పొద్దున్నే పప్పులోకి, పచ్చట్లోకి, సాయంత్రం కూరలోకి. గోళ్ళ సందుల్లో మంట పుట్టేది. తొంభై ఎనిమిది జూన్‌లో నాకు ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా ఉద్యోగం దొరికింది. ఎనిమిదిన్నరకల్లా ఇల్లు కదలాలి. మొదటి వారంలోనే రెండో తరగతి పిల్ల ఒకతి, నేను చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దిస్తుంటే, "టీచర్, మీ చెయ్యి పచ్చడి వాసనొస్తంది" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ మధ్యాహ్నమంతా చేతులు చీర చెంగులో దాచుకున్నాను.

అందుకని ఒక ఉపాయం చేశాను. ఆదివారంనాడు వారానికి సరిపడా వెల్లుల్లి ఒకేసారి ఒలిచేసి, నూరి, ఫ్రిజ్‌లో పెట్టేద్దామని. ఫ్రిజ్ ఆ వేసవిలోనే మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది. అప్పటిదాకా అందులో నీళ్ళ సీసాలూ మల్లెపూలూ తప్ప ఏమీ ఉండేవి కావు. పాయలు చిదిపి రెబ్బలు విడదీశాను. చెంచాడు నూనె రాసి చేటలో పోసి, డాబా మీద ఎండలో పెట్టాను. ఒంటిగంటకు తెచ్చి ముతక తువాలులో మూటగట్టి రుద్దితే పొట్టు దానంతటదే ఊడొచ్చింది. చెరిగితే చేటలో తెల్లటి రెబ్బలు మిగిలాయి. గోరు తగలకుండా ఒలిచిన మొదటి వెల్లుల్లి అది. ఇంత సుఖం ఉండగా ఇన్నాళ్ళూ ఎందుకు చేతులు కాల్చుకున్నానా అనిపించింది. ఉప్పేసి రోట్లో మెత్తగా నూరాను. నిమ్మరసం పిండితే నూరిన ముద్ద తెల్లగా నిలవుంటుందని రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమంలో ఎవరో చెప్పగా విన్నాను. రెండు నిమ్మకాయలు పిండి, గాజు సీసాకు ఎత్తాను.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఒలిచిన ఎల్లుల్లి నిలవుంటుందంటే నేనిదే వినడం. చేద్దువుగానీ చెయ్యి, చూద్దాం" అంది.

బుధవారం సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. మా అరుగు మీద రోజూ ఆ వేళకు నలుగురైదుగురు చేరేవారు. ఆ రోజూ చేరారు. ఎదురింటి పెద్దమ్మ, వెనక వీధి నుంచి ఇద్దరు, పక్కింటి టీచరుగారు. ఈ టీచరుగారు నాకంటే పదేళ్ళు పెద్ద, చర్చికి వెళ్ళే మనిషి, హైస్కూల్లో సైన్సు చెప్పేవారు.  వాళ్ళ మధ్య, అరుగు మీద, నా సీసా ఉంది.

మూత తీసి పెట్టారు. లోపల ముద్ద తెల్లగా లేదు. పచ్చగా ఉంది. ఆకుపచ్చ కూడా కాదు, పొలానికి కొట్టే మైలతుత్తం ఉంటుందే, ఆ నీలిపచ్చ రంగు.

"ఏంటిది అమ్మాయ్?" అంది మా అత్తగారు.

"నాకూ తెలీదు అత్తయ్యా. పొద్దున చూళ్ళేదు నేను."

"తెలీదా? నాకు తెలుసు. ఎన్నో రోజు నీకు?"

నాకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ వెనక పంచలో కూర్చోవాలి. వంటింట్లోకి రాకూడదు, జాడీల గదిలోకి అసలే రాకూడదు. ముట్టుకుంటే పచ్చడి చెడిపోతుందని, చెట్టు ముట్టుకుంటే వాడిపోతుందని. నేను ఎదురు చెప్పకుండా కూర్చునేదాన్ని. ఆ ఏడు ఆవకాయ కలిపిన రోజున కూడా పంచలోనే కూర్చుని, ఘాటు పీలుస్తూ ఉండిపోయాను.

"ఆవకాయ ముందురోజు కూర్చున్నావు నువ్వు. నాకు బాగా గుర్తు" అని ఆవిడ అందరి ముందూ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఆ లెక్కన పది పన్నెండు రోజుల కిందటే రావాలి. కూర్చోలేదు. బడికి సెలవు పెట్టాల్సొస్తుందని చెప్పకుండా ఇంట్లో కలిసిపోయావు. ఆ చేత్తోనే ఎల్లుల్లి నూరావు. ఆ చేత్తోనే జాడీ మూత కూడా తీసుంటావు. ఏడాది పచ్చడి! ఏమ్మా, నేను తప్పు మాట్లాడుతున్నానా?"

ఎదురింటి పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చిన్నపిల్ల, తెలీక చేసుంటుందిలే" అంది. నేను చేశాననే ఆవిడా అనుకుంది.

పక్కింటి టీచరుగారు మాత్రం, "అదేం కాదండీ. మా ఇంట్లో ఎవరం బయట కూర్చోం. మా పచ్చళ్ళు ఎప్పుడూ చెడిపోలేదు" అన్నారు.

"మీ పద్ధతులు వేరు లెండి" అంది మా అత్తగారు. 

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. చేతిలో పిల్లల నోటు పుస్తకాల సంచి. నిజం ఏమిటంటే, నాకు రాలేదు. పన్నెండు రోజులుగా నేను ఆ సంగతి ఒక్కదాన్నే లెక్కపెట్టుకుంటున్నాను. ఇంకో వారం చూసి, మా ఆయన డ్యూటీ లేని రోజున, ముందు ఆయనకే చెబుదామనుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. చాలా పిచ్చిమాట, ఇక్కడ రాయను. నా జీవితంలో నేను చెప్పబోయే పెద్ద కబురు అదొక్కటే. పెళ్ళి కబురు పెద్దవాళ్ళు చెప్పారు, ఉద్యోగం కబురు పోస్టులో వచ్చింది. ఇది మాత్రం నాది.

"కలిసిపోలేదు అత్తయ్యా" అన్నాను.

"మరి?"

"మరీ లేదు ఏమీ లేదు. నేను జాడీ ముట్టుకోలేదు."

"ఒట్టేసి చెప్పు. వచ్చిందా రాలేదా?"

ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి అడిగే ప్రశ్నా ఇది? ఇప్పటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి. చెప్పకపోతే దొంగను. ఏడాది పచ్చడిని మైలపరిచి, అబద్ధమాడిన కోడల్ని. చెబితే నా కబురు పోతుంది. ఒక పచ్చబడ్డ సీసా ముందు నిలబడి, నేను దొంగను కానని నిరూపించుకోవడానికి దాన్ని ఖర్చుపెట్టాలి.

"రాలేదు" అన్నాను.

 ఎదురింటి పెద్దమ్మ చెంగు తీసేసి నవ్వింది. మా అత్తగారు చటుక్కున లేచి నా గడ్డం పట్టుకుంది. వెనక వీధి ఆవిడ పరిగెత్తి చక్కెర డబ్బా తెచ్చింది, మా వంటింట్లోంచే. నా నోట్లో చక్కెర పోశారు. సీసా అక్కడే ఉంది, దాని గురించి ఎవరికీ పట్టింపు లేదు. పావుగంట కిందట నేను నేరస్థురాలిని, ఇప్పుడు లక్ష్మీదేవిని. మధ్యలో ‘తప్పుగా అన్నానమ్మా’ అనే ఒక చిన్న మాట పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎవరూ ఏమీ అనలేదు.

టీచరుగారే అడిగారు. "మరి వెల్లుల్లి ఎందుకు పచ్చబడినట్టండీ?"

మా అత్తగారు ఆలోచించను కూడా లేదు. "కడుపుతో ఉన్న పిల్ల చెయ్యి వేడి. అందుకే" అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముట్టు చెయ్యి కాకపోతే వేడి చెయ్యి. ఏదైతేనేం, చెయ్యి మాత్రం నాదే. సీసాలోది తీసుకెళ్ళి కాలవలో పారబోసింది. సీసాను మూడుసార్లు తోమించి, ఎండలో బోర్లించింది.

మర్నాడు సాయంత్రం మా ఆయన బస్సు దిగేసరికి, బస్టాండు దగ్గర టీకొట్టు అతను చెయ్యి పట్టుకుని ఊపాడట. ఆయన జాంగ్రీల పొట్లంతో నవ్వుతూ ఇంట్లోకి వచ్చాడు. "నువ్వు చెప్పేలోపే నాకు తెలిసిపోయిందిగా!" అన్నాడు, ఏదో పందెం గెలిచినట్టు. నేను ఏడిచాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరాడు. ఎందుకు ఏడుస్తున్నానో చెబితే, "పోనీలే, ఎవరు చెబితే ఏంటి, మంచి మాటేగా" అన్నాడు. మంచివాడే. కానీ ఆ మాటకు ఆయన్ని నేను పూర్తిగా క్షమించలేదు.

తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో మా అమ్మాయి పుట్టింది. బిడ్డ బయటికొచ్చింది గాని, నా చేతికి పడ్డ పేరు మాత్రం పోలేదు. పాలు విరిగితే నా చెయ్యి వేడి. ఇడ్లీ పిండి పులిసి పొంగిపోతే నా చెయ్యి వేడి. మే నెలలో తిరువూరు ఎండకు పులియని పిండి ఎక్కడైనా ఉంటుందా? జాడీల గదిలోకి నన్ను రానివ్వలేదు. ఆవకాయ కలిపే రోజున నా పని ముక్కలు తుడవడం, వెల్లుల్లి ఒలవడం. ఒలిచాక చేట గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోవాలి. నేను ఒలిచిన రెబ్బలు పచ్చట్లో పనికొస్తాయట, ఒలిచిన చెయ్యి పనికిరాదట! ఈ తర్కం ఎవరు కనిపెట్టారో గాని, వాళ్ళకు జీవితాంతం వెల్లుల్లి ఒలిచే శిక్ష వెయ్యాలి.

టీచరుగారు ఒకసారి గోడ మీదుగా నాకు వివరం చెప్పారు. పచ్చి వెల్లుల్లికి పులుపు తగిలితే ఒక్కోసారి అలా రంగు మారుతుందనీ, తిన్నా ఏమీ కాదనీ, నూనెలో వేయించాక పులుపు కలిపితే మారదనీ. మా అత్తగారు వెల్లుల్లి పచ్చడి ఎప్పుడూ నూనెలో వేయించి, చింతపండు గుజ్జుతో పెట్టేది. అందుకే ఆవిడ చేతిలో ఒక్కసారీ పచ్చబడలేదు. నేను ఉత్సాహంగా వెళ్ళి ఈ సంగతి చెప్పాను.

"పుస్తకాల్లో అన్నీ ఉంటాయి. చేతి మంచీ చెడూ ఉండవు" అంది ఆవిడ.

అలా పదేళ్ళు. ఆ పదేళ్ళూ పోట్లాటలతో గడిచాయని అనుకోవద్దు. నాకు జ్వరమొస్తే ఆవిడే మిరియాల కషాయం కాచింది, నేను బడికి వెళ్తే మా అమ్మాయిని చంకనేసుకుని వీధంతా తిప్పింది. కానీ ఆవకాయ రోజు వచ్చిందంటే ఆ సీసా మళ్ళీ మా మధ్యకు వచ్చి కూర్చునేది.

రెండు వేల ఎనిమిది వేసవిలో ఆవిడకు బీపీ ఉందని డాక్టరు నూనె తగ్గించమన్నాడు. వెల్లుల్లి పచ్చడి లేకుండా ఆవిడకు ముద్ద దిగదు. అందుకని ఆ ఏడు మొదటిసారిగా, నూనె లేకుండా, పచ్చి రెబ్బల్ని ఉప్పూ నిమ్మరసంలో ఊరేసింది. చిన్న జాడీ. తనే ఒలుచుకుంది, తనే కలిపింది, తనే వాసెన కట్టింది. అప్పుడు మా అమ్మాయి గంపలగూడెంలో మా పుట్టింట్లో ఉంది. నేను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బడి తరఫున అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరుగుతున్నాను. పిల్లల్ని మా బడిలో చేర్పించండి బాబూ అని ఎర్రటి ఎండలో గుమ్మం గుమ్మం ఎక్కడం కూడా టీచర్ల పనేనట, అదింకో కోపం.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా జాడీ, వాసెన గుడ్డ పక్కన పడి ఉంది. నేను వంగి చూశాను. ప్రతి రెబ్బా మైలతుత్తం రంగు.

 ఆ మాట నేను పదేళ్ళుగా సిద్ధం చేసుకున్నాను. ‘ఇప్పుడెవరి చెయ్యి అత్తయ్యా?’ అంతే. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారుగా, ఇప్పుడు ఏ కుండ అంటుందో విందామని నోరు తెరిచాను.

ఆవిడే ముందు మాట్లాడింది. "నా చెయ్యి పోయింది అమ్మాయ్."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎవరూ ముట్టుకోలేదు. నేనొక్కదాన్నే చేశాను. నా చేతిలో మంచి పోయింది. ముసలిదాన్నయ్యాను" అని కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, ఎక్కడో చిల్లు పడినట్టు.

వారం తిరక్కుండా ఎదురింటి వాళ్ళు ఆవకాయ కలపమని పిలవడానికొచ్చారు. ఆవిడ వెళ్ళలేదు. "నా చెయ్యి ఇంక పనికిరాదమ్మా, ఇంకెవర్నైనా చూసుకోండి" అని అరుగు మీదే కూర్చుండిపోయింది. రెండు చేతులూ చెంగు కింద పెట్టుకుని. మా ఇంటి కాయలు కూడా గదిలో మగ్గిపోతున్నాయి. వాటినీ ముట్టుకోలేదు.

నాకు కావలసింది ఇదేగా? పదేళ్ళుగా దీనికోసమే కదా చూశాను? ఎంత కోపం వచ్చిందో! ముందు వచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. నింద తప్పని ఒప్పుకోవడం కన్నా తన చెయ్యి తానే తీసేసుకోవడం ఆవిడకు తేలికైంది. వెల్లుల్లి పచ్చబడిందంటే తప్పు ఎవరో ఒక ఆడదాని చేతిదే అయ్యుండాలి. ఇంకొకరు దొరక్కపోతే తనదైనా సరే! నిమ్మకాయను మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు.

మర్నాడు సాయంత్రం నేను ఎక్కడికీ వెళ్ళలేదు. అరుగు మీద అందరూ చేరేదాకా ఆగాను. ఆ రోజున్న వాళ్ళే, జుట్టు నెరిసింది, అంతే తేడా. మేదరి బుట్టలోంచి పాయలు తెచ్చి మధ్యలో పోశాను. ఐదు గాజుగ్లాసులు, నిమ్మకాయలు, ఉప్పు తెచ్చాను.

"తలా నాలుగు రెబ్బలు ఒలవండి. ఎవరి గ్లాసులో వాళ్ళే వేసుకోండి. ఎవరి నిమ్మకాయ వాళ్ళే పిండండి" అన్నాను.

"ఇదేం ఆటమ్మా?" అంది పెద్దమ్మ.

"ఆట కాదు. ఒలవండి."

నా గొంతు ఎలా ఉందో ఏమో, అందరూ ఒలిచారు. ఐదో గ్లాసులో నేను చెయ్యి పెట్టలేదు. పొట్టుతో ఉన్న రెబ్బల్ని చాకుతో గీరి, చెంచాతో ఎత్తి వేశాను. మా అత్తగారు చేతులు చెంగు కింద నుంచి తియ్యలేదు. గ్లాసుల మీద మూతలు పెట్టి, అరుగు చివర గూట్లో వరసగా ఉంచాను.

నాలుగో రోజుకు ఐదూ రంగు తిరిగాయి. పెద్దమ్మది ఎక్కువ, టీచరుగారిది తక్కువ, కానీ తిరగనిది లేదు. ఎవరి చెయ్యీ తగలనిది కూడా. అందరూ గ్లాసులు చేతుల్లోకి తీసుకుని చూశారు. పెద్దమ్మ తన గ్లాసు చటుక్కున కింద పెట్టి, "నాకు ముట్టు ఆగిపోయి పదిహేనేళ్ళయిందే తల్లీ!" అంది. ఎవరూ అడగకుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నేను కళ్ళారా చూశాను. టీచరుగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

మా అత్తగారు నవ్వలేదు. ఐదో గ్లాసును చాలాసేపు చూసింది.

"అయితే ఆ రోజు..." అంది.

నేను ఎదురుచూశాను. అక్కడే ఆగిపోయింది. ఇంక నా వల్ల కాలేదు.

"ఆ రోజు నా చేతిది కాదు అత్తయ్యా. ముట్టూ కాదు, వేడీ కాదు. సరే, అది పోనివ్వండి. ఆ కబురు నాది. నేను మీ అబ్బాయికి చెప్పుకోవాల్సింది. మీరు నలుగురిలో నా నోట్లోంచి లాగేశారు. టీకొట్టు అతను నాకన్నా ముందు చెప్పాడు ఆయనకు!"

 పదేళ్ళ కిందటి సంగతి ఇంకా మోస్తున్నానని వాళ్ళు అనుకోలేదు. అత్తగారు నా మొహంలోకి చూసి, "అప్పుడే అనకపోయావా?" అంది. అప్పుడు అననిచ్చారా? నేను విసురుగా లోపలికెళ్ళి, మా ఇంటి ఆవకాయ కోసం తెచ్చిన వెల్లుల్లి చేట పట్టుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఒలవండి. కాయలు పండిపోతున్నాయి" అన్నాను.

కొంచెంసేపు చేట వైపు చూసి, చెంగు కింద నుంచి చేతులు తీసింది. ఆ ఏడు ఆవకాయ ఇద్దరం కలిపాం. క్షమాపణ లాంటిదేమీ రాలేదు. నేను రాలేదనే అంటాను, ఎవరెన్ని చెప్పినా.

మరుసటి ఏడు వేసవి. మా అమ్మాయికి పదకొండో ఏడు నడుస్తోంది. నేను మళ్ళీ అడ్మిషన్ల ఊరేగింపులో గంపలగూడెం మండలమంతా తిరిగి, సాయంత్రం షేర్ ఆటోలో ఇరుక్కుని, తల పగిలిపోతూ ఇంటికొచ్చాను. అరుగు మీద ఎప్పటి వాళ్ళే. ఆవకాయ వెల్లుల్లి ఒలుస్తున్నారు. మా అమ్మాయి నానమ్మను ఆనుకుని కూర్చుంది. నా పాత లంగాతో కుట్టించిన గౌను కాక, కొత్త పావడా కట్టుకుంది. ఒళ్ళో చేట, చేతులు మణికట్టు దాకా రెబ్బల్లో. దాని మొహంలో ఏదో తేడా కనిపించింది.

"ఏంటే, ఒంట్లో బాలేదా?" అన్నాను.

అది నానమ్మ వైపు చూసింది.

పెద్దమ్మ, "పొద్దుట్నుంచి అదోలా ఉంది పిల్ల. ఏమైందంటే మీ అత్తగారు చెప్పదు" అంది.

మా అత్తగారు ఒలుస్తున్న రెబ్బ మీంచి కళ్ళెత్తలేదు. "ఏమీ లేదు. పిల్ల వాళ్ళమ్మకేదో చెప్పుకోవాలంట" అంది. తర్వాత మా అమ్మాయి ఒళ్ళోంచి చేట తీసి తన ఒళ్ళోకి మార్చుకుని, "మీరిద్దరూ లోపలికెళ్ళండి. నాన్నకెప్పుడు చెప్పాలో కూడా నువ్వే చూసుకో అమ్మలూ, నేనెవరికీ చెప్పలేదు" అంది.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు జిగటగా ఉన్నాయి, వెల్లుల్లి వాసన. లోపలికి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, "అమ్మా, నీకొకటి చెప్పాలి" అంది. తలుపు సందులోంచి చూస్తే, బయట అరుగు మీద మా అత్తగారు మా అమ్మాయి ఒలిచిన రెబ్బల్ని తను ఒలిచిన వాటిలో పోసి కలుపుతోంది.